ఉప్పునేలకు ఎడారి చుట్టం

*ఎడారి మొక్కల వేళ్లలో కాపురముండే బ్యాక్టీరియా తిండిగింజల పైర్లకు ఎండనూ ఉప్పునూ తట్టుకునే బలమిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాలువల కింద వరి పండే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు దానితో ఏం పని?*

వరి కోసి పది రోజులు కాలేదు. మోళ్ల మధ్య నేల ఇంకా చెమ్మగానే ఉంది. అడుగేస్తే మడమ గుర్తు పడుతుంది గానీ కాలు దిగబడదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో, పంటకాలువ పక్కన మాగాణి అది. ఆ చివర ఒకామె, ఈ చివర ఒకామె తాడు పట్టుకుని నిలబడ్డారు. తాడుకు జానెడుకో ముడి. ముడి దగ్గర ఒకామె కర్రతో గుంత పొడుస్తుంటే, వెనకాలే ఇంకొకామె మొక్కజొన్న గింజ జారవిడిచి కాలి బొటనవేలితో మట్టి కప్పేస్తోంది. గింజలన్నీ గులాబీ రంగు. ఆ మందు రంగు వేళ్లకు అంటి సాయంత్రం దాకా వదలదు.

"అక్కా, తాడు బిగించు. వంకర పోతంది."

"ఇంకా బిగిస్తే తెగుద్దే!"

నాగలి లేదు, ట్రాక్టరు లేదు, దుక్కి అసలే లేదు. మాగాణిలో మిగిలిన తేమ ఆరిపోయేలోపు విత్తనం పడిపోవాలి, అంతే. ఇక్కడివాళ్లు 'జీరో టిల్లేజీ' అని చాలా మామూలుగా అనేసే సాగు ఇదే. బాగా పండితే ఎకరాకు నలభై క్వింటాళ్లు ఈ ప్రాంతంలో వింతేమీ కాదు. గట్టు మీద నిలబడ్డ రైతు బెంగ దిగుబడి గురించి కాదు, యూరియా గురించి. హెక్టారుకు 200 కిలోల నత్రజని అనుకున్నా ఎకరానికి 80 కిలోలు. యూరియా రూపంలో ఇవ్వాలంటే దాదాపు నాలుగు కట్టలు. 45 కిలోల కట్ట 266 రూపాయల 50 పైసలే, దొరికితే.

2025 ఖరీఫ్‌లో అది దొరకడమే కష్టమైంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు తెల్లవారుజాము నుంచే బారులు తీరారు. తెలంగాణలోనైతే మనుషులకు బదులు చెప్పులు, ఆధార్ జిరాక్సులు వరసలో కూర్చున్నాయి. అప్పటినుంచీ అందరి నోటా ఒకటే మాట: యూరియా లేకుండా పంట తీయలేమా? అలాంటి మాట వినపడితే చాలు, 'బయో' అని రాసిన సీసాలు సంచుల్లో ఊళ్లోకి దిగుతాయి. అందుకే, అసలు నేలలోని బ్యాక్టీరియాతో ఏం అవుతుందో, ఏం కాదో ఇప్పుడే తేల్చుకోవాలి. ఆ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం మొదలైంది మాత్రం మాగాణిలో కాదు, ఎడారిలో.

నీలి మొక్క వేళ్లలో...

సౌదీ అరేబియాకు నైరుతి మూల, ఎర్రసముద్రం ఒడ్డున జిజాన్ ప్రాంతం. అక్కడి ఇసుకలో ఇండిగోఫెరా అర్జెంటియా అనే చిన్న మొక్క బతుకుతుంది. ఒకప్పుడు మన దగ్గర నీలిమందు తీసిన నీలి మొక్కకు దగ్గరి చుట్టం. అంత ఎండలో, అంత ఉప్పులో ఇదెలా పచ్చగా ఉందన్న ప్రశ్నతో, థువాల్‌లోని కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ (కాస్ట్) శాస్త్రవేత్తలు దాని వేరుబుడిపెలను విప్పి చూశారు. ఆస్ట్రియాకు చెందిన హెరిబెర్ట్ హిర్ట్ నాయకత్వంలోని ఈ బృందం ఎడారి మొక్కలతో కలిసి బతికే సూక్ష్మజీవులను 'డార్విన్21' పేరిట సేకరిస్తోంది. బుడిపెల్లో దొరికిన ఒక బ్యాక్టీరియాకు ఎస్‌ఏ187 అని పేరు పెట్టారు. ఎంటెరోబాక్టర్ జాతిది.

దాన్ని మామూలు మొక్కలకు పట్టించారు. ఉప్పునీటితో తడిపినా అవి తట్టుకున్నాయి. పాడి రైతులకు తెలిసిన లూసర్న్ గడ్డికి పొలంలోనే పట్టించి చూస్తే, మంచినీళ్లు పెట్టిన మళ్లలోనూ ఉప్పునీళ్లు పెట్టిన మళ్లలోనూ దిగుబడి పెరిగింది. ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. 2021లో అదే బృందం గోధుమ మీద ఫలితాలు ప్రకటించింది. ప్రయోగశాలలోనే కాక ఆరుబయట పొలంలోనూ ఎస్‌ఏ187 పట్టించిన గోధుమ వేడిని ఎక్కువగా ఓర్చుకుంది.

ఇది చేసే పని చిత్రంగా ఉంటుంది. మొక్కకు తిండి మోసుకొచ్చి పెట్టడం దీని ప్రధాన వృత్తి కాదు. వేరులోకి చేరి కేఎంబీఏ అనే చిన్న పదార్థం విడుదల చేస్తుంది. మొక్క దాన్ని ఇథిలిన్‌గా మార్చుకుంటుంది. అరటి గెలను మగ్గబెట్టే వాయువే ఇథిలిన్. మొక్క లోపల మాత్రం అది ప్రమాద ఘంటిక కూడా. ఘంటిక సరైన వేళకు, సరైన మోతాదులో మోగితే మొక్క ముందే సర్దుకుంటుంది. అదుపు తప్పి మోగుతూనే ఉంటే వేరు ఎదుగుదల ఆగి, ఆకులు పండిపోతాయి. మేలు చేసే మరికొన్ని బ్యాక్టీరియాలు సరిగ్గా ఇందుకు ఎదురు పని చేస్తాయి: ఇథిలిన్ తయారీకి కావలసిన ముడిసరుకునే తినేసి ఘంటిక సద్దు తగ్గిస్తాయి. ఒకటి మోగిస్తుంది, ఇంకొకటి ఆపుతుంది, రెండూ మేలే చేస్తాయి. శాస్త్రవేత్తలకే ఇంకా పూర్తిగా ముడి వీడని వ్యవహారం కాబట్టి మనం ఇక్కడితో ఆగుదాం.

> పిడికెడు మట్టి
> సారవంతమైన నేల ఒక్క గ్రాములో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. వేరు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర వాటి సందడి మరీ ఎక్కువ. ఎందుకంటే మొక్క తాను తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత భాగాన్ని వేళ్ల గుండా బయటికి వదిలి వాటిని పోషిస్తుంది. పప్పుజాతి వేళ్ల బుడిపెల్లోని రైజోబియంను భారత్‌లో తొలిసారి వేరుచేసింది ఎన్.వి. జోషి, 1920లో. మినుము, పెసర రైతులు 'కల్చర్ ప్యాకెట్' అని పిలిచేది దాని వారసుల్నే.

హైదరాబాదులో బతికిన జొన్న

ఎడారి దాకా ఎందుకు, మన మెట్ట నేలల్లోనూ ఇలాంటి మొండి జీవులున్నాయని హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) ఎప్పుడో చూపించింది. కంది వేళ్ల చుట్టూ ఉన్న మట్టి నుంచి అక్కడివాళ్లు ఒక సూడోమోనాస్ బ్యాక్టీరియాను వేరుచేశారు. దాని పేరు ఏకేఎం-పీ6. షేక్ జెడ్. అలీ, వి. సంధ్య, మీనాక్షి గ్రోవర్, సంస్థ సంచాలకుడిగా కూడా పనిచేసిన బి. వెంకటేశ్వర్లు తదితరుల బృందం దాన్ని జొన్న విత్తనానికి పట్టించి, మొలకల్ని పగలు 47 నుంచి 50 డిగ్రీల వేడిలో ఉంచింది. బ్యాక్టీరియా లేని మొలకలు అయిదో రోజుకు చనిపోయాయి. ఉన్నవి పదిహేను రోజుల దాకా బతికి పెరిగాయి. 2009లో అచ్చయిన ఈ ఫలితానికి రావలసినంత పేరు రాలేదని నాకనిపిస్తుంది. సౌదీ బ్యాక్టీరియా గురించి గూగుల్‌లో వెతికేవాళ్లకు సంతోష్‌నగర్‌లో జరిగిన పని తెలియదు.

అదే ఏడాది అదే సంస్థ నుంచి మరో ఫలితం వచ్చింది. జీఏపీ-పీ45 అనే ఇంకో సూడోమోనాస్, పొద్దుతిరుగుడు వేళ్ల చుట్టూ జిగురులాంటి పదార్థం పేర్చి, నీటి ఎద్దడిలో మొలకల్ని కాపాడింది. ఆ జిగురు మట్టిరేణువుల్ని వేరుకు అతికించి తేమను పట్టి ఉంచుతుంది.

మొలకలు బతకడం వేరు, పొలంలో బస్తాలు నిండటం వేరు. నిజమే. కానీ తాడు పట్టి జొన్న వేసే బాపట్ల, రేపల్లె రైతుకు ఈ సంగతి ఊరికే పోయేది కాదు. డిసెంబరు, జనవరిలో వేసిన పైరు గింజ పాలు పోసుకుని గట్టిపడే వేళకు మార్చి ఎండలు ముదురుతాయి.

డెల్టాలో ఎడారి ఎక్కడిది?

కృష్ణా పశ్చిమ డెల్టా అనగానే కళ్ల ముందు పచ్చటి సాంబ మసూరి కదులుతుంది. కాలువ తల దగ్గర, తెనాలి, కొల్లిపర వైపు అది నిజం. కాలువ తోక దగ్గరికి, అంటే రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరానికి వెళ్లేసరికి బొమ్మ మారిపోతుంది. శివారు భూములకు నీళ్లు ఆలస్యంగా వస్తాయి, ముందుగా ఆగిపోతాయి. అదును తప్పిన నేలలో అడుగునున్న ఉప్పు ఎండకు పైకి తేలి మళ్ల మీద తెల్లగా పూస్తుంది. పక్కనే రొయ్యల చెరువు ఉంటే చెప్పనక్కర్లేదు. చెరువు గట్టుకు ఇవతలి వరి రైతుకూ అవతలి ఆక్వా రైతుకూ మాటామాటా పెరగని ఊరు తీరంలో అరుదు.

ఉప్పునేల మొక్కను చంపే తీరు ఎడారికి చాలా దగ్గర. ఊరగాయ జాడీలో ఉప్పు పడగానే మామిడి ముక్క నీరు వదిలేస్తుందే, వేరుదీ అదే అవస్థ. చుట్టూ తడి ఉన్నా పీల్చుకోలేదు. ఎడారి మొక్కకు నీళ్లు లేక దప్పిక, శివారు మొక్కకు నీళ్లలో నిలబడే దప్పిక. ఎడారి బ్యాక్టీరియాకు డెల్టాలో ఉద్యోగం ఉన్నదంటే ఇదిగో, ఇక్కడే.

పైర్లన్నీ ఉప్పును ఒకేలా ఓర్వవు. నేల లవణీయతను డెసీసీమెన్లలో కొలుస్తారు. వరికి 3 దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. మొక్కజొన్నకు 1.7 దాటితేనే! జొన్న మాత్రం 6.8 దాకా చలించదు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ జొన్న ఎందుకు మెరుగో ఈ మూడు అంకెలు చెబుతాయి. ఒకప్పుడు ఈ మాగాణుల్లో వరి వెనక మినుమే మహారాజు. కోతకు ముందే వరిలో మినుము చల్లేవారు. పల్లాకు తెగులు, పైరును అల్లుకుని పీల్చేసే బంగారు తీగ కలిసి దాన్ని దెబ్బతీశాక మొక్కజొన్న, జొన్న ఆ జాగాలోకి వచ్చాయి. మినుము తన నత్రజనిని వేరుబుడిపెల్లో తానే సమకూర్చుకునేది. మొక్కజొన్న కట్టల లెక్కన అడుగుతుంది. యూరియా బారుల వెనక ఈ పంట మార్పు కూడా ఉందని తరచూ మరిచిపోతాం.

బాపట్ల ఇసుకలదీ ఇంకో కథ. సముద్రపు ఉప్పునీటి మీద వాననీరు పలచటి పొరగా తేలుతూ ఉంటుంది. ఇసుకలో వాలుగా గోయి తవ్వి, ఆ తీపినీటిని కుండలతో ముంచి నారుమళ్లకు, కూరపాదులకు పోసేవారు. ఆ గోతులే దొరువులు. లోతుగా బోరు దించితే ఉప్పునీరు ఎగదన్నుతుంది. అందుకే బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దొరువునే సంస్కరించింది. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైపొర నీరు మాత్రం మెల్లగా ఒక బావిలోకి చేరేలా చేసి మోటారు పెట్టింది. వలస వచ్చే ఏ సాంకేతికతకైనా ముందుగా చూపించాల్సిన పాఠం ఇది: ఇక్కడివాళ్లకు ఉన్న తెలివిని పారెయ్యకుండా దానికి మోటారు తగిలించారు.

బాపట్లకు కొత్త కాదు

బాపట్ల వ్యవసాయ కళాశాల పుట్టింది 1945లో. దేశమంతా బీపీటీ అని పిలిచే బియ్యం, అంటే 1986లో విడుదలైన బీపీటీ 5204 సాంబ మసూరి, ఈ ఊరి పొలాల్లోనే రూపుదిద్దుకుంది. హోటల్లో 'బీపీటీ రైస్' అడిగేవాళ్లలో ఎందరికి అది బాపట్ల పేరని తెలుసు? ఆచార్య ఎన్జీ రంగా విశ్వవిద్యాలయానికి చెందిన అమరావతి పరిశోధన స్థానం అజోస్పిరిల్లం, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా వంటి జీవన ఎరువులను ద్రవరూపంలో తయారుచేస్తుంది. బాపట్ల ఉప్పునీటి కేంద్రానికి పెద్దదిక్కయిన కర్నాల్ కేంద్ర లవణ నేలల సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. లక్నోలోని తన ప్రాంతీయ కేంద్రంలో, చౌడును తట్టుకునే బ్యాక్టీరియాతోనే 'హాలో-అజో', 'హాలో-పీఎస్‌బీ' అనే ద్రవాలను తయారుచేసింది.

ఎందుకిలా వేరుగా తయారుచేయడం? మంచి నేలలో పెరిగిన బ్యాక్టీరియాను తెచ్చి చౌడులో పోస్తే, మొక్కను కాపాడటం అటుంచి, అదే బతకదు. కష్టం ఎరిగిన జీవే కష్టంలో ఉన్న పైరుకు పనికొస్తుంది. అలా చూస్తే జిజాన్ దాకా పోనక్కర్లేదు కూడా. చినగంజాం ఉప్పు కొటార్ల గట్ల మీద, నిజాంపట్నం మడ అడవుల బురదలో, సూర్యలంక ఇసుక దిబ్బల మీద ఎన్నో మొక్కలు ఏ ఎరువూ లేకుండా పచ్చగా ఉన్నాయి. వాటి వేళ్లను విప్పి చూడటానికి బాపట్ల కళాశాల కుర్రాళ్లకు గంట ప్రయాణం చాలు. పైగా విదేశీ సూక్ష్మజీవిని తెచ్చుకోవాలంటే క్వారంటైన్ అనుమతులు, భద్రత పరీక్షలు తప్పవు. తప్పకూడదు కూడా. ఎస్‌ఏ187 పుట్టిన ఎంటెరోబాక్టర్ జాతిలోనే ఆస్పత్రుల్లో జబ్బులు అంటించే దాయాదులున్నారు.

> స్వామినాథన్ పేరున్న బ్యాక్టీరియా
> తమిళనాడులోని పిచ్చావరం మడ అడవుల్లో ఉప్పునీటిలోనే పెరిగే అడవి వరి ఒకటుంది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాని నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేసి, 2004లో 'స్వామినాథానియా సాలిటాలరెన్స్' అని నామకరణం చేశారు. గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది, భాస్వరాన్ని కరిగిస్తుంది, ఉప్పును ఓర్చుకుంటుంది. మూడు గుణాలూ ఒక్కదానిలోనే!

సీసాలో బతికున్నవెన్ని?

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. జీవన ఎరువు అంటే ప్రాణమున్న సరుకు. 2006లో దీన్ని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చాక కేంద్రం ప్రమాణాలు పెట్టింది. పొడి అయితే గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవమైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు బతికున్న కణాలు ఉండాలి. తయారీ కేంద్రంలో ఉంటాయి సరే. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల గోడౌనులో, పురుగుమందు డబ్బాల పక్కన నెలల తరబడి పడున్న ప్యాకెట్‌లో ఎన్ని మిగులుతాయి? రైతు కంటికి బతికున్న పొడీ చచ్చిన పొడీ ఒక్కలాగే కనిపిస్తాయి. 'కల్చర్ వేశాం, ఏం తేడా లేదు' అన్న మాట ప్రతి ఊళ్లోనూ వినపడటానికి సగం కారణం ఇదే.

మిగతా సగం ఆ గులాబీ రంగు. హైబ్రిడ్ మొక్కజొన్న గింజ సంచీలోంచే తెగుళ్ల మందు పూసుకుని వస్తుంది. దాని మీద బ్యాక్టీరియా పట్టిస్తే, కొన్ని జాతులు తట్టుకుంటాయి, చాలావాటికి అది విషమే. అలాంటప్పుడు బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి నేలకు ఇవ్వమంటారు. దుక్కే లేని మాగాణిలో ఆ ఎరువును వేరు దగ్గరికి చేర్చడం ఎలా? చెత్త మీద చల్లితే ఎండకు మాడిపోతుంది. గుంత పొడిచిన చోటే చిటికెడు వేయాలి, లేదా తడి పెట్టేటప్పుడు నీళ్లతో పారించాలి. గుంతకో చిటికెడంటే కూలి ఖర్చు పెరుగుతుంది. వ్యవసాయ పుస్తకాలు పెద్దగా పట్టించుకోని తిప్పలు ఇవే.

ప్రకృతి సాగు చేసేవాళ్లు ఈ ప్యాకెట్ల గొడవే వద్దంటారు. ఎకరాకు సరిపడే జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, ఆపైన గట్టు మీది పిడికెడు మట్టి. ఆ పిడికెడే స్థానిక బ్యాక్టీరియా. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం దక్కినప్పుడు దాన్ని పంచుకున్నవారిలో ఈజిప్టు ఎడారిని సాగులోకి తెచ్చిన సెకెమ్ సంస్థ కూడా ఉండటం ఒక ముచ్చట. కాకపోతే జీవామృతంలో ఏ జాతి ఎంతుందో ఎవరూ చెప్పలేరు. డ్రమ్ముకో రకం. ఉప్పును ఓర్చే ఒక ప్రత్యేకమైన జాతే కావాలంటే ప్రయోగశాల తలుపు తట్టాల్సిందే.

యూరియా కట్టకు బదులా?

కాదు. సూటిగా చెప్పడమే మంచిది. అజోస్పిరిల్లం హెక్టారుకు 20 నుంచి 40 కిలోల నత్రజని సమకూరుస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎకరాకు చూస్తే 8 నుంచి 16 కిలోలు. యూరియా కట్ట ఒక్కటిలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. అంటే అన్నీ కలిసొచ్చినా ఒక కట్టకు లోపే. నాలుగు కట్టల మొక్కజొన్నకు ఈ సాయం అందినా ఇంకా మూడు కట్టల పైనే కావాలి. 'ఈ సీసా పోస్తే యూరియాయే అక్కర్లేదు' అనే వాడు ఎదురైతే రశీదు అడగండి, సగం మంది అక్కడే ఆగిపోతారు.

ఎడారి రకాల విలువ ఎరువు పొదుపులో లేదు. పైరు చచ్చిపోయే చోట దాన్ని నిలబెట్టడంలో ఉంది. కొల్లిపరలో నీళ్లూ సారమూ పుష్కలంగా ఉన్న నల్లరేగడిలో వీటికి పని తక్కువ. అప్పటికే అక్కడ తిష్ఠ వేసిన కోట్ల స్థానిక జీవుల ముందు కొత్తగా వచ్చినవి కొన్ని వారాల్లో చల్లారిపోతాయి. అదే బ్యాక్టీరియా నిజాంపట్నం పక్కన, తెల్లగా పూసిన మడిలో జొన్న మొలకను మొదటి ఇరవై రోజులు గట్టెక్కించిందనుకోండి, ఆ మడి బీడు పడకుండా మిగిలినట్టే. కాబట్టి పరీక్షలు పెట్టాల్సింది పరిశోధన స్థానం తీర్చిదిద్దిన మళ్లలో కాదు, శివారు మళ్లలో. రైతు కూడా మడిలో పది సెంట్లు బ్యాక్టీరియా లేకుండా వదిలి, మిగతా మడిలో పట్టించి, కోతప్పుడు రెండూ విడివిడిగా తూచుకుంటే ఎవరి ప్రచారమూ నమ్మాల్సిన పని ఉండదు.

కౌలుదారు లెక్క

ఈ ప్రాంతంలో మడి దున్నేవాడు చాలాసార్లు మడి యజమాని కాడు. ఏడాది కౌలు, నోటిమాట మీద. జీలుగ చల్లి కలియదున్నడం, పశువుల ఎరువు తోలడం, జిప్సం వేసి చౌడు కడగడం, ఇవన్నీ నేలకు మేలని అతనికి తెలియక కాదు. వాటి ఫలం అందేసరికి ఆ మడి ఇంకొకరి కౌలులో ఉండొచ్చు. వచ్చే ఏటి నేల కోసం ఈ ఏడు అప్పు చేయమంటే ఎవరు చేస్తారు?

విత్తనానికి పట్టించే బ్యాక్టీరియాకు ఇక్కడో అనుకూలత ఉంది. ఖర్చు ఈ పంటకే, ఫలితం వస్తే ఈ పంటలోనే. భూమి ఎవరిదన్న దానితో దానికి పని లేదు. అయితే అది కౌలుదారు చేతికి అందాలి. కౌలు గుర్తింపు కార్డు లేనివాడి పేరు రాయితీల జాబితాలో కనపడదు. రైతు సేవా కేంద్రానికి వచ్చే సరుకు నమోదైన పేర్లకే ముందు చేరుతుంది. కాలువ కట్టేశాక, మాగాణి తేమ ఆరేలోపు అతనికి దొరికే వ్యవధి పది, పదిహేను రోజులు. ఆ రోజుల్లో, చల్లటి గదిలో ఉంచిన, తయారీ తేదీ, కణాల సంఖ్య అచ్చేసిన సీసా రేపల్లె సంత దగ్గర దొరికితే కొంటాడు. ఫిబ్రవరిలో వస్తే అది వచ్చినా రాకపోయినా ఒకటే.